ఇరవై పేర్లు, పంతొమ్మిది మంది

మైపాడు నుంచి దక్షిణంగా పోయే తారు రోడ్డు ఎడమ అంచున, పొద్దున ఏడు కాకముందే నీలం పట్టాలు పరిచి ఉంటాయి. వాటి మీద వేలెడు పొడుగు నెత్తళ్ళు ఎండుతుంటాయి. ప్రతి పట్టా దగ్గరా ఒక ఆడమనిషి చీపురుపుల్లతో కాకుల్నీ, కేకలతో ఆటోల్నీ అదిలిస్తూ కూర్చుని ఉంటుంది. ఒకప్పుడు ఈ చేపలు రోడ్డెక్కేవి కావు. ఇసుక మీద, సముద్రపు గాలికి ఎండేవి. ఇప్పుడు ఆ ఇసుక చుట్టూ ఇనుప కంచె ఉంది. కంచెలోపల కొత్త షెడ్డు ఉంది. షెడ్డుకి తాళం ఉంది. గురువారం నాడు ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చి, ఆఫీసరు ఎదురుగా వేలిముద్రల మిషన్ మీద బొటనవేళ్ళు ఆనిస్తే ఆ తాళం తీస్తారు.

ఉన్నది పంతొమ్మిది మంది.

పాలెంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందరికంటే బాగా తెలిసింది అబిగయీలుకి. ఆ ఇరవై పేర్లలో రెండుసార్లు పడిన మనిషి ఆమే.

అది ఎవరో కావాలని చేసిన మోసం కాదు. మూడేళ్ళ కిందట జిల్లా ఆఫీసు నుంచి పెంచలకృష్ణ అనే కుర్ర ఉద్యోగి మోటారు సైకిల్ మీద వచ్చి, ఏసు గుడి వరండాలో ఒక పటం పరిచాడు. పటంలో కోస్తా పొడవునా రంగు రంగుల చుక్కలు. ఒకచోట రొయ్యలు, ఒకచోట వలలు, ఒకచోట పడవల మరమ్మతు.

"ఒకే పని చేసేవాళ్ళు ఒకేచోట ఇరవై మంది ఉంటే, దాన్ని క్లస్టర్ అంటారక్కా," అన్నాడతను. "విడివిడిగా మీ ఒక్కొక్కరికీ మిషన్ ఇయ్యాలంటే గవర్నమెంటుకు కుదరదు. ఇరవై మంది కలిస్తే అందరికీ కలిపి ఒక పెద్ద షెడ్డు, లోపల వేడిగాలి మిషన్లు. వానొచ్చినా ఎండిపోతాయి. ఇసుకుండదు, ఈగుండదు. మీ సరుకు మద్రాసులో పెద్ద అంగళ్ళకు పోతాది."

"పంతొమ్మిది మందిమైతే?" అని అడిగింది ఏసుమణి. పాలెంలో అందరికంటే పెద్దది, నోరు కూడా వయసుకు తగినట్టే ఉంటుంది.

"అప్పుడది క్లస్టర్ కాదు పెద్దమ్మా, గుంపు."

ఆడవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అతనికి ఆ పని మీద నిజంగానే ప్రేమ ఉందని ఆ రోజే తెలిసిపోయింది. నెత్తళ్ళలోంచి ఇసుక ఏరుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపిన ఆడవాళ్ళకు, ఇసుక లేని చేప అంటే రాళ్ళు లేని అన్నం లాంటిది.

పేర్ల జాబితా రాసే పని సమాధానం అనే పెద్దాయన మీద పడింది. ఆయన బిట్రగుంటలో రైల్వే గుమాస్తాగా చేసి రిటైరై, భార్య పుట్టిన ఊరని ఈ పాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మనుషులు మాత్రం ఆయనకు కొత్త. అందుకని రెండు కాగితాలు ముందు పెట్టుకుని జాబితా రాశాడు. ఒకటి గుళ్ళో స్త్రీల సమాజం హాజరు పుస్తకం, రెండోది పంచాయతీ ఇచ్చిన రేషన్ లిస్టు. గుడి పుస్తకంలో అబిగయీలు ఉంది. రేషన్ లిస్టులో కామమ్మ ఉంది. గుడికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇలా రెండు పేర్లుంటాయి. గుళ్ళో ఒకటి, కాగితాల్లో ఒకటి. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పుట్టి పెరిగినవాళ్ళకు అది చెప్పే అవసరం రాదు. బిట్రగుంట నుంచి వచ్చిన మనిషికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

కార్డులు అడిగినప్పుడైనా ఆ పొరపాటు దొరకవలసింది. ఒక రోజు అబిగయీలు కూతురు లిల్లీ ఇందుకూరుపేట నుంచి వచ్చి ఉంటే, కామమ్మ ఆధార్ కార్డు ఆ పిల్లే తెచ్చి ఇచ్చింది. ఆదివారం గుళ్ళో ఆయన "అబిగయీలమ్మా, నీ కార్డు ఇయ్యలేదే" అని అడిగితే, ఇంకోటేదో కావాలేమోనని ఆమె ఓటరు కార్డు ఇచ్చింది. ఆ రెండు ఫొటోలూ ఆమెలా ఉండవు. ఒకదానిలా ఇంకోటీ ఉండదు. లెక్క ఇరవై అయింది. కావలసింది ఇరవై, షెడ్డులో చోటూ ఇరవై మందికే. సమాధానం ఆ లెక్క కింద గీత గీసి ఫైలు పంపేశాడు.

అంతా అయ్యాక, నెల్లూరులో మొదటి శిక్షణ నాడు తేలింది. ఒక్కొక్కరినీ పేరు పిలిచి సంచీ ఇచ్చారు. అబిగయీలు వెళ్ళి తెచ్చుకుంది. ఇంకో నాలుగు పేర్ల తర్వాత "కామమ్మ" అన్నారు. ఎవరూ లేవలేదు.

"పో మే, నిన్నే," అంది ఏసుమణి మోచేత్తో పొడిచి.

"ఇందాకే పోయొచ్చినా కదా!"

"అప్పుడు పోయింది అబిగయీలు. ఇప్పుడు నువ్వు పో."

ఆ రోజు సమాధానం ముఖం చూసి ఆమెకే జాలేసింది. పాపం, పెద్దమనిషి. "తర్వాత సరిచేద్దాంలేమ్మా," అన్నాడు. తర్వాత అనేది రాలేదు. కాగితం విజయవాడ దాటి ఢిల్లీ పోయింది. అక్కడి నుంచి షెడ్డయి తిరిగొచ్చింది. ఆ మూడేళ్ళూ ఆమెకు ప్రతి మీటింగులో రెండు కుర్చీలు. ఒక కుర్చీలో తను, పక్క కుర్చీలో తన సంచీ. హాజరు పట్టీలో రెండు చోట్ల గుర్తు. అబిగయీలు దగ్గర సంతకం చేసేది, కామమ్మ దగ్గర వేలిముద్ర వేసేది. కామమ్మ కాగితాలన్నీ ఆమెకు చదువు రాకముందువి. అక్షరాలు నేర్చుకుంది గుళ్ళో, పెళ్ళయ్యాక, ఇరవై ఏళ్ళ వయసులో. నేర్చుకున్న మొదటి మాట అబిగయీలు. అదీ ఆమె సంతకం.

కామమ్మ అన్న పేరు మొదటి నుంచీ ఆమెకు పూర్తిగా సొంతం కాదు. ఆమె కంటే ముందు పుట్టి, మూడేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయిన అక్క పేరది. ఆ బిడ్డే మళ్ళీ పుట్టిందని ఇంట్లోవాళ్ళు అదే పేరు పెట్టారు. చిన్నప్పుడు ఎవరైనా "కామా" అని పిలిస్తే, తనని పిలుస్తున్నారా, పోయినదాన్ని తలుచుకుంటున్నారా అర్థమయ్యేది కాదు. బాప్తీస్మం ఇచ్చిన నాడు అయ్యగారు అబిగయీలు అన్నప్పుడు, మొదటిసారి ఒక పిలుపు సూటిగా వచ్చి తన మీదే వాలినట్టు అనిపించింది. పెనిమిటి ఏసురత్నం ఆ పేరును సాగదీసి, చివర కాస్త పాడినట్టుగా పిలిచేవాడు. ఓటరు లిస్టులో ఆ పేరే ఉండాలని, వల పని మానుకుని రెండు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగింది కూడా ఆయనే. పోయిన నవంబరులో, వాయుగుండం వచ్చిన వారంలో, ఆయన గుండె ఆగి పోయాడు.

సోమవారం నాడు పెంచలకృష్ణ వచ్చాడు. ఎప్పటిలా వరండాలో కూర్చోకుండా, రోడ్డు పక్కన ఆమె పట్టా దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. సమాధానం కూడా వెంట ఉన్నాడు.

"అక్కా, గురువారం వెరిఫికేషను. అందరి ఆధారూ మిషన్లో పడాల. అబిగయీలు పేరు మీద ఆధార్ లేదు. నేను రాత్రి లిస్టు ఎక్కిస్తా ఉంటే అప్పుడు తెలిసింది నాకు."

"నీకు ఇప్పుడే తెలిసిందా నాయినా?" అంది ఆమె. "కాకులకు గూడా తెలుసు."

"పేరు కొట్టేస్తే సరిపోదా?" అన్నాడు సమాధానం.

"కొట్టేస్తే పంతొమ్మిది సార్. మళ్ళీ మొదటి నుంచి రావాల ఫైలు. రెండేళ్ళు పడతాది. అప్పటికి ఈ పథకం ఉంటాదో లేదో. నేనైతే ఉండను."

"రాజీనామా ఇస్తే? ఆ స్థానంలో ఇంకొకర్ని..."

"మొదటి అయిదేళ్ళు రాజీనామా లేదు. ఎవరంతట వాళ్ళు లేచిపోతా ఉంటే క్లస్టర్ నిలబడదని పెట్టినారు ఆ రూలు. మంచికే పెట్టినారు." అతను ఒక నెత్తల్ని తీసి, చూసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. "మనిషి చనిపోతే మాత్రం నామినీ వస్తారు. దానికి మాత్రం సందుంది."

మైపాడు పోయే బస్సు హారను కొట్టుకుంటూ వచ్చింది. ముగ్గురూ లేచి పట్టా అంచు లోపలికి మడిచారు. బస్సు పోయాక మళ్ళీ పరిచారు.

"అంటే అబిగయీలు చచ్చిపోవాల," అంది ఆమె.

"కాగితంలోనే అక్కా! సభ్యుల్లో ఒకరు ఆఫీసరు ముందర నోటితో చెప్పాల, రాసుకుంటారు. ఇద్దరు సాక్షి సంతకాలు. ఆధారే లేదు కాబట్టి మిషన్ ఇంకేమీ అడగదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేను చెప్పమని చెప్పడంలా. ఇట్టాంటిది ఒకటి ఉందని చెప్తా ఉండా."

"కామమ్మ చచ్చిపోతే కుదరదా?"

"రేషను, పింఛను, ఇంటి పట్టా అన్నీ ఆ పేరు మీదే కదమ్మా," అన్నాడు సమాధానం నేలను చూస్తూ. "ఆ పేరు పోతే నువ్వు నిజంగానే పోయినట్టు."

నామినీ కాగితంలో అబిగయీలుకి ఎదురుగా ఉన్న పేరు చెంచమ్మది. అదీ ఆమె రాయించిందే. చెంచమ్మ పక్కింటి మనిషి, ఆమెతోపాటే పదేళ్ళ వయసు నుంచి చేపలు ఎండేసింది. జాబితా రాసిన రోజు పెంచలకోన తిరునాళ్ళకు పోయి ఉండడంతో పేరు పడలేదు. తిరిగొచ్చేసరికి ఇరవై నిండిపోయాయి. ఆ ఇరవయ్యో చోటు తన రెండో పేరు తిన్నదని తెలిశాక, అబిగయీలు చేయగలిగింది అదొక్కటే.

గురువారానికి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో ఒక్కరు కూడా ఆమెను చెప్పమని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడిగితే తిట్టవచ్చు, కాదనవచ్చు, ఏడవవచ్చు. దానికి బదులు, ఏసుమణి కోడలు కానాగంత చేపల పులుసు గిన్నె తెచ్చి ఇచ్చిపోయింది. ఇంకొకామె ఆమె కంటే ముందే వచ్చి, ఆమె పట్టా కూడా పరిచి పోయింది. బోరింగు దగ్గర ఆమె వస్తే వరస వదిలి తప్పుకున్నారు. చావు ఇంటి మనిషికి చేసే మర్యాదలన్నీ ముందే చేస్తున్నట్టు. ఎవరి మనసులోనూ చెడు లేదు. ఆ మంచితనమే నాలుగు వైపులా కంచెలా లేచి నిలబడింది.

మంగళవారం మధ్యాహ్నం వాన పడింది. పెద్ద వానేం కాదు, పావుగంట. పట్టాలు చుట్టి పరుగెత్తే లోపల సగం సరుకు తడిసింది. చెంచమ్మ దగ్గర నాలుగు గంపల నెత్తళ్ళు తడిసి, బుధవారానికి మెత్తబడి వాసన కొట్టాయి. ఆమె వాటిని రొయ్యల గుంటల వైపు మోసుకుపోయి పారబోసి వచ్చింది. కంచెకి అవతల షెడ్డు మీద కొత్త రేకు వానకి కడుక్కుని మెరుస్తోంది. దాని కింద నేల పొడిగా ఉంది. కంచెలోంచి కనిపిస్తోంది.

"చూడబాకు వదినా," అంది చెంచమ్మ ఖాళీ గంప బోర్లిస్తూ. "చూస్తే పుండు మీద కారమే."

"గురువారం నేను చెప్పేస్తే నీకు కుర్చీ వస్తాది."

"నీ చావుతో వచ్చే కుర్చీ నాకొద్దు. ఆ కుర్చీలో కూర్చుంటే ముల్లు గుచ్చుకోదా?"

"కాగితం చావేనంట కదా."

"కాగితం చావైతే మరి వాళ్ళెవరూ చెప్పరేం? నోటికి రాదు వాళ్ళకి. నాకూ రాదు. బతికుండే మనిషిని పట్టుకుని పోయిందంటే నాలిక పడిపోతాది." చెంచమ్మ గొంతు పెరిగింది. "రోడ్డు మీదే చస్తాం, ఏమవుతాది? ఇన్నాళ్ళు చావలా?"

"నువ్వు గమ్మునుండు. ఇన్నాళ్ళు ఇసుకుండింది. ఇప్పుడదీ లేదు."

అందరూ మాట్లాడకుండా తిరుగుతున్న మాట అదే. పాత చోటు పోయింది, కొత్త చోటు తెరుచుకోలేదు. ముందున్నవి ముసురు పట్టే రోజులు. అబిగయీలు పేరు నిలబెట్టుకుంటే పంతొమ్మిది ఇళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. ఆ పంతొమ్మిదిలో తన ఇల్లూ ఒకటి.

సాయంత్రం ఆమె గుడికి పోయింది. పాస్టరు కిషోర్ బాబు స్టూలెక్కి ఫ్యాను తుడుస్తున్నాడు. ఆమె చెప్పిందంతా స్టూలు మీద నిలబడే విన్నాడు. తర్వాత దిగాడు.

"పాపమా అయ్యగారూ?"

"అబద్ధం పాపమేనమ్మా. కాదని నేను చెప్పలేను." ఆయన చేతిలో గుడ్డ మడతపెట్టాడు. "ఆ షెడ్డు తెరవకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అదీ కాదనలేను. నిన్ను చెప్పమనను, చెప్పొద్దనీ అనను. నాకంత ధైర్యం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఇక్కడ నువ్వు అబిగయీలువే. ఆదివారం ఆ పేరుతోనే పిలుస్తాను. గుళ్ళోకి మిషన్ రాదు కదా."

ఆ మాట ఆమె కొంగున కట్టుకున్నట్టు ఇంటికి తెచ్చుకుంది.

గురువారం షెడ్డు ముందు షామియానా వేశారు. ఆఫీసరు పెద్దవయసు మనిషి, అరిగిన చెప్పులు, జేబులో మందుల డబ్బా. ముందే చిరాకుపడే రకం కాదు. ఒక్కొక్క పేరూ పిలిచి, వేలు మిషన్ మీద పెట్టించి, పచ్చలైటు వెలిగితే తల ఊపుతున్నాడు. చేపలు కోసి కోసి, ఉప్పు పిసికి పిసికి రేఖలు అరిగిన వేళ్ళు. ఒక్కొక్కరికీ నాలుగైదుసార్లు తుడిచి పెడితే గాని లైటు వెలగలేదు.

"ఏడు. అబిగయీలు, భర్త పేరు ఏసురత్నం."

ఎవరూ కదల్లేదు.

"రాలేదా?"

"సార్, ఆమె విషయం..." పెంచలకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "సభ్యులు చెప్తారు సార్."

"ఏమ్మా, ఏమైంది? నువ్వు చెప్పు పెద్దమ్మా."

"నాకు సరిగా వినపడదు సార్," అంది ఏసుమణి. రేవు అవతలి గుసగుసలు ఇవతల నుంచి వినగల మనిషి.

"నువ్వు?"

రెండో ఆమె తల దించుకుంది. మూడో ఆమె బిడ్డను భుజం మార్చుకుంది. ఆఫీసరు చూపు వరస వెంట ఒక్కొక్కరి మీదుగా పోతోంది. ఒక్కొక్కరూ ఆ చూపును తప్పించుకుంటున్నారు. పంతొమ్మిది మందిలో పద్దెనిమిది మంది ఆ ఒక్క మాట అనలేకపోయారు. వాళ్ళ బతుకు ఆ మాట మీద ఉంది, అయినా అనలేకపోయారు. అబిగయీలుకి ఆ క్షణంలో వాళ్ళ మీద ఎంత ప్రేమ పుట్టిందో, అంత ఊపిరాడకపోవడం కూడా కలిగింది. వాళ్ళు అనరు. అంటే తనే అనాలి.

ఆమె లేచింది.

"నేను చెప్తా సార్."

"నీ పేరు?"

"కామమ్మ. పన్నెండో నంబరు." కొంగు సర్దుకుంది. "అబిగయీలు పోయింది సార్."

వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"అయ్యో. ఎప్పుడు?"

ఆమె ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. వచ్చిన తేదీ దానంతట అదే నోట్లోకి వచ్చింది. "పోయిన నవంబరు. వాయుగుండం వచ్చిన వారం."

"ఎట్లా?"

"గుండె ఆగి."

"నీకేమవుతుంది?"

"ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం సార్."

ఆఫీసరు కలం ఆపాడు. కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. బల్ల మీదున్న తన నీళ్ళ సీసా మూత తిప్పి ఆమె వైపు జరిపాడు. "తాగమ్మా. దగ్గర మనిషి పోతే అంత తొందరగా తేరుకోలేం. నాకు తెలుసు." అంతకన్నా ఏమీ అనలేదు. ఆయన అనుమానపడి ఉంటే, కసిరి ఉంటే, ఎదురు నిలబడడానికి ఏదో ఒకటి ఉండేది. ఆమె రెండు గుక్కలు తాగింది.

నామినీ పేరు చదివారు. చెంచమ్మ లేచి, రెండడుగులు వేసి, నోట్లో కొంగు కుక్కుకుని భోరుమంది. ఆఫీసరు ఆమెను కూడా కూర్చోబెట్టించాడు. చనిపోయిన మనిషిని వీళ్ళంతా ఎంతగా ప్రేమించారో అని, పక్కనున్న గుమాస్తాతో మెల్లగా అన్నాడు.

"ఇక్కడ సంతకం పెట్టు కామమ్మా." వాంగ్మూలం ఆమె ముందుకు వచ్చింది. రాసింది బాగా కనబడుతోంది. ఏడో నంబరు సభ్యురాలు అబిగయీలు గుండెపోటుతో మరణించినట్లు. చెయ్యి కలం వైపు పోయింది. పెంచలకృష్ణ దగ్గాడు. ఆమె చెయ్యి కలాన్ని దాటి, సిరా దిండు మీద ఆగింది.

పన్నెండో నంబరు దగ్గర బొటనవేలు పడింది.

మిషన్ మీద ఇరవై పచ్చలైట్లు వెలిగాయి. తాళం తీశారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు.

షెడ్డు మంచిది. ఆ మాట చెప్పుకోవాలి. లోపల నేల నున్నగా ఉంటుంది, కాళ్ళకు ఇసుక అంటదు. ఇరవై వరసల జల్లెడ పళ్ళేలు, వాటి మధ్య వేడిగాలి. వారం తిరక్కుండా ముసురు పట్టింది. బయట అయిదు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది, లోపల చేప ఎండుతూనే ఉంది. చెంచమ్మ మొదటి విడత నెత్తళ్ళు చేతిలోకి తీసుకుని గలగలలాడించి, చెవి దగ్గర పెట్టుకుని వింది. ఇసుక లేని చేప చప్పుడు వేరేగా ఉంటుందంట.

కానీ తలుపు వేస్తే ఆకాశం ఉండదు. మిషన్ల హోరులో పక్క వరస మాట వినపడదు. అందరి మెడల్లో పేరు రాసిన కార్డులు. తలుపు పైన కెమెరా. దానికి చెవులు కూడా ఉన్నాయని పెంచలకృష్ణ చెప్పాడు. మొదటి రోజే ఏసుమణి ఆ మూల నుంచి అలవాటుగా "అబిగయీలూ, ఆ గంప ఇట్ట తోయి మే!" అని కేకేసింది. కేకేసి నోటి మీద చెయ్యేసుకుంది. ఇరవై వరసల్లో చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె తల తిప్పలేదు. గంప మాత్రం కాలితో ఆ వైపు తోసింది.

ఆదివారం పాస్టరు మాట నిలబెట్టుకోబోయాడు. కానీ క్లస్టర్ ఫైలుకి రుజువుగా గుడి హాజరు పుస్తకం కూడా మొదట్లోనే జతచేసి ఉంది. అది ఆఫీసు నుంచి తిరిగొచ్చింది, ఆమె పేరు మీద ఎర్రగీతతో. పక్కన ముత్యాల్లాంటి చేతిరాతలో 'మరణించినారు' అని ఉంది. ఫైలు అంతా ఒక్కమాట మీద ఉండాలని గుమాస్తా పట్టుబట్టి రాయించాడట. సమాధానం ఆ పుస్తకం తెచ్చి ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆమే కాఫీ పెట్టి ఇచ్చింది.

"నేను చేసిన తప్పమ్మా ఇది."

"ఊళ్ళో ఒక్కరన్నా మీకు చెప్పుండాల అయ్యా. మేం చెప్పలా. తాగండి, చల్లారిపోతాది."

గుళ్ళో ఆమె పేరు వచ్చే చోట పాస్టరు కాస్త ఆగుతాడు. పుస్తకం వైపు చూసి, ఆమె వైపు చూసి, "అమ్మా" అంటాడు. ఆమె "ఉన్నానయ్యా" అంటుంది. ఆ తర్వాతి పేరు పిలుస్తాడు. ఓటరు లిస్టులో పేరు తీసేయడానికి మనిషి వచ్చిన రోజు, కార్డు ఆమే గూట్లోంచి తీసి ఇచ్చింది. అతను దాన్ని మధ్యకు విరిచి, చింపలేక కష్టపడితే, కత్తెర కూడా తెచ్చి ఇచ్చింది.

చెంచమ్మ ఒక్కతే కొంచెం నయం. ఆమె మొదటి నుంచీ "వదినా" అనే పిలిచేది. ఇప్పుడూ అదే. ఏ కార్డులోనూ లేని పిలుపు. రోజుకు పదిసార్లు పని లేకపోయినా పిలుస్తుంది.

డిసెంబరులో, ముసురు వెలిసిన ఒక పొద్దున, వేరే జిల్లాల ఉద్యోగులు ఈ క్లస్టర్ ఎట్లా నడుస్తుందో చూసిపోవడానికి వ్యానులో వచ్చారు. వాళ్ళలో రేవతి అనే అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, మిగతావాళ్ళు ఫొటోలు దిగుతుంటే ఒక్కతే వరసల్లో తిరుగుతూ పన్నెండో పళ్ళెం దగ్గర ఆగింది. మెడలో కార్డు చదివింది.

"కామమ్మ గారూ, ఇక్కడ బాగుందా అండీ?"

"బాగుందమ్మా. సరుకు తడవదు."

"ఆ గోడ మీద రాసిన నియమాలు చదివారా?" అని అడిగి, అంతలోనే బల్ల మీదున్న రోజువారీ పుస్తకంలో పన్నెండో గడి వెంట నిలువునా దిగిన వేలిముద్రలు చూసింది. ముఖం మారింది. తప్పుగా అడిగానేమో అన్నట్టు నొచ్చుకుంది. "చదువు రాదు కదూ? నేను చదివి చెప్తాను రండి. మీ హక్కులు మీకు తెలియాలి కదా."

చదువు వస్తుందని చెప్పడానికి పెదాలు కదిలాయి. పైన కెమెరా ఉంది. పుస్తకంలో రెండు నెలల వేలిముద్రలున్నాయి. ఆ వేలిముద్రల వెనక వాంగ్మూలం ఉంది, దాని వెనక పంతొమ్మిది ఇళ్ళున్నాయి.

"రాదమ్మా," అంది.

రేవతి ఆమె చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకు తీసుకుపోయింది. తడి చెయ్యి, చేప వాసన చెయ్యి. ఆ పిల్ల వదల్లేదు. ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, మిషన్ల హోరులో వినపడేలా చెవి దగ్గరగా వంగి, నెమ్మదిగా చదివింది. మొదటిది, సభ్యులు సమయానికి హాజరు కావలెను. రెండోది, చేతులు శుభ్రముగా కడుక్కొనవలెను. ఆమె కళ్ళు ఆ వేలికంటే ముందే వాక్యం చివరికి పోయి, అక్కడ ఆగి, వేలు వచ్చేదాకా కాచుకుని ఉన్నాయి. మూడోది. నాలుగోది. పదకొండు నియమాలూ అయ్యాయి.

"అర్థమైందా అమ్మా?"

పన్నెండో పళ్ళెంలో చేప తిరగేసే వేళయింది. వెనక నుంచి చెంచమ్మ చూస్తోంది. రేవతి వేలు ఇంకా గోడ మీదే ఉంది, చివరి అక్షరం కింద.

"ఇంకోసారి చదువు తల్లీ," అంది ఆమె.